చెయ్యి పట్టుకుంటే, కత్తి చూపిస్తే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా డ్వాక్రా సంఘాలన్నీ కలిసి ఆడపిల్లలకు రెండు రోజులు కరాటే నేర్పించాం. ఆ తర్వాత ట్యూషన్ నుంచి వస్తున్న ఒకమ్మాయి చెయ్యి బైకు మీద వచ్చినవాడు పట్టుకున్నాడు. పిల్ల కొయ్యబారిపోయింది, నోరు పెగల్లేదు. మేం నేర్పిందంతా వృథాయేనా?
– సంఘం లీడరు, కావలి

జవాబు: ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పండి, కొయ్యబారడం పిరికితనం కాదని. ప్రమాదం హఠాత్తుగా మీద పడితే శరీరం తనంతట తాను చేసే పనుల్లో అదొకటి. అడ్రినలిన్ అనే హార్మోను పెరిగి గుండె దడదడలాడుతుంది. చూపు ఎదుటివాడి మీదే బిగుసుకుని పక్కనున్నవి కనబడవు. వేళ్లు వణికి ఫోను లాక్ కూడా రాదు. అలాంటప్పుడు పాతిక పట్లు నేర్చినవాళ్లు ఏది వాడాలో వెతుక్కుంటూ ఉండిపోతారు. కాబట్టి నాలుగే నేర్పండి: అరవడం, దూరం జరగడం, మణికట్టు విడిపించుకోవడం, పరుగెత్తడం.

అరుపులో వాడే మాటలు ముందే ఖాయం చేయాలి. ‘ప్లీజ్, వదలండి’ అని క్లాసులో పలికించొద్దు. ‘ఏయ్, చెయ్యి తియ్!’ అని కడుపులోంచి రావాలి. కొయ్యబారిన మనిషి ఊపిరి బిగబట్టేస్తుంది. అరిస్తే ఆ ఊపిరి విడుదలై కాళ్లు కదులుతాయి. మొదటి వారం సగం సమయం అరుపుకే పోయినా ఫర్వాలేదు. ఇన్నేళ్లూ గట్టిగా మాట్లాడొద్దనే కదా పెంచాం.

ఎదుటివాడి పిడికిలిలో బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య సందు. మన మణికట్టు సన్నటి అంచును ఆ సందు వైపు తిప్పి, మోచేతిని అతని వైపు తోస్తూ ఒక్క ఊపున లాగాలి. చేతిని ఒక్కదాన్నే లాగితే రాదు, నడుము కూడా తిరగాలి. రెండు చేతులతో పట్టుకుంటే మన పిడికిలిని మన రెండో చేత్తో అందుకుని లాగాలి.

రెండు రోజుల శిబిరం బదులు వారానికి గంటన్నర చొప్పున ఎనిమిది వారాలు పెట్టండి. మొదటి రెండు వారాలు నెమ్మదిగా చేయించండి. మూడో వారం నుంచి అర నిమిషం ఉన్నచోటే పరుగెత్తించి, ఆయాసంలో ఉండగా చెయ్యి పట్టుకోవాలి. ఆపైన కళ్లు మూయించి, చప్పట్లకు తెరిపించి, ఏ వైపు నుంచి వస్తారో తెలియకుండా చేయండి. కొన్నిసార్లు వచ్చినవాళ్లు ఊరికే అడ్రసు అడిగి వెళ్లిపోవాలి. ఇది తప్పనిసరి, లేకపోతే మనిషిని చూసి అంచనా వేయడం అలవడదు. తిట్లూ కేకలూ చివరి వారాలకు ఉంచండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా వచ్చాకే ఒత్తిడి పెంచాలి. తొందరపడితే పిల్లలు భయాన్నే సాధన చేస్తారు. డొనాల్డ్ మైకెన్‌బామ్ అనే మనస్తత్వవేత్త 1970ల్లో రూపొందించిన పద్ధతిలోనూ క్రమం ఇదే: భయం ఎలా పనిచేస్తుందో అర్థం చేయించడం, నైపుణ్యం నేర్పడం, ఒత్తిడిని కొద్దికొద్దిగా కలపడం.

శిక్షణ చెడేది ఎక్కువగా జోడీ దగ్గరే. స్నేహితురాలు కదా అని మెత్తగా పట్టుకుని, లాగగానే వదిలేస్తుంది. ఇంకోటి, విడిపించుకోగానే నవ్వుకుని వరుసలోకి వచ్చి నిలబడతారు. అప్పుడు శరీరం నేర్చుకునేది ఆగిపోవడమే. ప్రతిసారీ పది మీటర్ల అవతల గుర్తుపెట్టిన చోటికి పరుగుతోనే ముగియాలి. చున్నీ, బ్యాగు, చెప్పులు వేసుకునే చేయించండి. ‘వద్దు’, ‘ఆపు’ అనేవి నటనలో భాగం కనుక నిజంగా ఆపాలంటే నేల మీద రెండుసార్లు తట్టడం గుర్తుగా పెట్టుకోండి. ఎనిమిది వారాలయ్యాక నెలకోసారి ఇరవై నిమిషాలు తిరగేయించకపోతే నేర్చింది జారిపోతుంది.

ప్రశ్న: రోడ్డు మీద పోకిరీల సంగతి సరే. ఇంటికి వచ్చిపోయే బంధువు తేడాగా ప్రవర్తిస్తే పిల్ల ఏం చేయాలి?
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: చాలా శిక్షణలు వదిలేసేది దీన్నే. అపరిచితుడి మీద అరవడానికి పట్టేది క్షణమైతే, ‘మామయ్య కదా, అపార్థం చేసుకున్నానేమో’ అనే సందేహం నిమిషాలు తినేస్తుంది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల మొదటి ఏడాది విద్యార్థినులకు 12 గంటల శిక్షణ ఇచ్చి, 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవారిలో 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. అక్కడ కొట్టడం ఒక్కటే నేర్పలేదు. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని గుర్తుపట్టడం, మొహమాటాన్ని దాటడం కూడా నేర్పారు. మీ అమ్మాయితో మూడు మెట్లు పైకే పలికించండి: ‘నాకు ఇష్టం లేదు’, ‘చెయ్యి తియ్యండి’, ‘అమ్మా, ఇలా రా!’ మూడోది ఇల్లంతా వినబడాలి. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ‘పెద్దాయన, పోనీలే’ అనకూడదు. అలా ఒక్కసారి అన్నారంటే ఇంకెప్పుడూ చెప్పదు. బయటి సాయం కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

ప్రశ్న: సింగరాయకొండ దగ్గర హైవే మీద మా బంకులో రాత్రిపూట ఇద్దరు కుర్రాళ్లుంటారు. కత్తి చూపించి డబ్బడిగితే ఎదిరించమనాలా?
– బంకు యజమాని

జవాబు: వద్దు. డబ్బు ఇచ్చేయమనండి, పోయిన డబ్బు జీతంలో కోయనని ఈ రోజే వాళ్లకు మాట ఇవ్వండి. జీతం కోస్తారనే భయంతోనే కుర్రాళ్లు కత్తికి ఎదురెళ్తారు. సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ టుల్లర్ 1983లో రాసిన లెక్క ప్రకారం కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. కౌంటరు దగ్గర మీకు మూడడుగులు కూడా ఉండదు. కత్తి లాక్కునే విద్య నాలుగు క్లాసుల్లో రాదు, వచ్చిందనుకోవడమే ప్రమాదం.

నేర్పాల్సింది వేరే ఉంది. చేతులు కనబడేలా ఉంచాలి. కదిలే ముందు చెప్పాలి: ‘డబ్బు డ్రాయర్‌లో ఉంది, తీస్తున్నా.’ వాడికీ కంగారుగానే ఉంటుంది. చెప్పకుండా చెయ్యి కిందికి పోతే పొడుస్తాడు. తలుపు చట్రానికి ఐదు, ఐదున్నర, ఆరు అడుగుల దగ్గర రంగు టేపు అంటించండి, వెళ్లేటప్పుడు వాడి ఎత్తు తెలుస్తుంది. వెంటపడొద్దు. వెళ్లగానే తలుపు వేసి 112కు ఫోను చేయాలి, వాడు తాకినవి తాకకూడదు. ఎవరికైనా గాయమైతే శుభ్రమైన గుడ్డతో రెండు చేతులా బరువు వేసి నొక్కి, 108కి చెప్పాలి. రక్తం ఆగిందా అని మధ్యలో గుడ్డ ఎత్తి చూడటమే అందరూ చేసే తప్పు. నెలకోసారి పావుగంట, ఆ కుర్రాళ్లు డ్యూటీలో ఉండే రాత్రివేళే దీన్ని ఆడించండి. కౌంటరులో తక్కువ డబ్బు ఉంచి, మిగతాది సందులోంచి లోపలికి పడే తాళం పెట్టెలో వేయించండి.

ప్రశ్న: బ్యాగులో కారంపొడి పొట్లం చాలదా?
– విద్యార్థిని, ఒంగోలు

జవాబు: చాలదు. పొట్లం విప్పేలోపు పని అయిపోతుంది, ఎదురుగాలిలో మన కళ్లలోనే పడుతుంది. పెప్పర్ స్ప్రే నయం, కానీ బ్యాగు అడుగున కాదు, చేతికందే జేబులో ఉండాలి. నీళ్లు నింపిన స్ప్రే సీసాతో, ఎదురుగాలిలో కూడా, సాధన చేయండి. డబ్బా మీద గడువు తేదీ చూసుకోండి.

ప్రశ్న: తిరగబడి కొడితే మన మీదే కేసు పెడతారంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయంతో హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. అవసరానికి మించి గాయపరచకూడదు. పడిపోయినవాణ్ని, పారిపోతున్నవాణ్ని కొడితే అది ఆత్మరక్షణ కిందికి రాదు. పరుగుతో ముగించమని పైన చెప్పడానికి ఇది కూడా కారణం. ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా నమోదు చేసే కేసు) అడగండి. ఎంత దూరంలో ఉన్నాడు, చేతిలో ఏముంది, ఏమన్నాడు, మీరెప్పుడు ఆపారు అనేవి ఆ రాత్రే కాగితం మీద రాసి పెట్టుకోండి.