ఆటల పేజీ: మీరడిగారు, మేం చెబుతున్నాం

ప్రశ్న: తాలూకా స్థాయి బేస్‌బాల్ మ్యాచ్‌లకు నన్నొక్కణ్ణే అంపైర్‌గా వేస్తున్నారు. క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) వెనక నిలబడితే బేసుల దగ్గర ఏం జరుగుతుందో తెలియదు, పిచర్ (బంతి విసిరేవాడు) వెనక నిలబడితే స్ట్రైక్, అంటే బంతి కొట్టదగ్గ చోట పడిందా అన్నది, తేలదు. ఏం చేయాలి?
– పీటీ టీచర్, బల్లార్షా

జవాబు: అంపైర్ ఒక్కడే అయితే మైదానంలో ఎక్కడైనా నిలబడవచ్చని నియమావళే చెబుతోంది, సార్. మామూలుగా క్యాచర్ వెనక, రన్నర్లుంటే ఒక్కోసారి పిచర్ వెనక. మాస్కు, ఛాతీ ప్యాడ్, కాలి ప్యాడ్లు, లోపలి గార్డు నాలుగూ ఉంటే క్యాచర్ వెనకే ఉండండి. ఏ ఒక్కటి తక్కువైనా మొహమాటపడకుండా పిచర్ వెనక్కి వెళ్లండి. అక్కణ్ణుంచి బంతి ఎత్తు సరిగ్గా తెలియదని కెప్టెన్లకు ముందే చెప్పండి.

అసలు చిక్కు ఫస్ట్ బేసు దగ్గర. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేటుకూ ఆ బేసుకూ మధ్య 90 అడుగులు. గీత వెంబడే పరిగెత్తారంటే రన్నర్ వీపు తప్ప ఏమీ కనపడదు, ఫీల్డర్ కాలు బేసు మీద ఉందో లేదో అసలే తెలియదు. అందుకే నేల బంతి లోపలి ఫీల్డర్ వైపు వెళ్లగానే క్యాచర్ ఎడమ పక్క నుంచి బయటికొచ్చి, పిచర్ దిబ్బ వైపు నాలుగైదు మీటర్లు వెళ్లండి. మాస్కు ఎడమ చేత్తో తీయండి, సంజ్ఞకు కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి. ఫీల్డర్ విసరబోతుండగా ఆగిపోవాలి. ఇంకో రెండడుగులు దగ్గరికెళ్లాలన్న ఆశతో పరిగెడుతూ చూస్తే కన్ను కూడా పరిగెడుతుంది. కళ్లు బేసు మీద, చెవులు గ్లౌజు చప్పుడు మీద పెట్టండి. చప్పుడు వినగానే నోరు తెరవొద్దు. బంతి గ్లౌజులోనే ఉందా, జారిందా చూశాకే ఔట్ అనండి. ఒంటరి అంపైర్ల తప్పుల్లో సగం ఈ తొందరవే.

బంతి గీతను రాసుకుంటూ పోతే మాత్రం ముందు ఫెయిరా (గీత లోపలా), ఫౌలా (బయటా) తేల్చండి, బేసు సంగతి ఆ తర్వాత. రన్నర్ సెకండ్ బేసు స్టీల్ చేసేటప్పుడూ (బ్యాటర్ కొట్టకుండానే అక్కడికి పరిగెత్తేటప్పుడూ) అంతే: ముందు పిచ్ తీర్పు, ఆ తర్వాతే పక్కకు అడుగు. ప్లేటు నుంచి సెకండ్ బేసు 127 అడుగుల దూరం, అక్కడికి పరిగెత్తి చేరలేరు. రెండు మూడడుగులు పక్కకు జరిగి కోణం సంపాదించుకుంటే చాలు.

కంచె లేని మైదానమైతే బంతి తుప్పల్లోకి పోతే ఎన్ని బేసులో టాస్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లతో ఒప్పించుకోండి. తర్వాత చెబితే ఎవరూ వినరు.

ప్రశ్న: రెండు ఔట్లయ్యాయి. ఒక రన్నర్ హోమ్‌కు వస్తుండగా ఇంకొకణ్ణి థర్డ్ బేసు దగ్గర ట్యాగ్ చేశారు (బంతితో తాకి ఔట్ చేశారు). పరుగు ఇవ్వాలా?
– సిరోంచ

జవాబు: ట్యాగ్ కంటే ముందే హోమ్ ప్లేటు తాకితే పరుగు లెక్కే. ఆ మూడో ఔట్ ఫోర్సుదైతేనో (బ్యాటర్ రన్నర్‌గా మారడంతో తన బేసు ఖాళీ చేయక తప్పని రన్నర్ ఔటైతేనో), బ్యాటర్ ఫస్ట్ బేసు చేరకముందే ఔటైతేనో, ఎంత ముందు తాకినా పరుగు లేదు. రెండూ ఒకేసారి కనపడాలంటే థర్డ్ బేసు గీతను ప్లేటు దాటించి వెనక్కి గీసినట్టు ఊహించుకుని ఆ గీత మీద నిలబడండి. దగ్గర్లో ప్లేటు, దూరంగా బేసు, రెండూ ఒకే చూపులో పడతాయి. వెంటనే ప్లేటు వైపు వేలు చూపి, స్కోరరుకు వినపడేలా చెప్పండి.

ప్రశ్న: బ్యాటర్ సగం ఊపి ఆపేస్తే ఎవర్ని అడగాలి?
– ధర్మాబాద్

జవాబు: బేసు అంపైర్ ఉంటే అతన్ని అడిగేవారు. మీరొక్కరే కాబట్టి ఎవర్నీ అడగక్కర్లేదు. బ్యాటు ప్లేటు ముందుకొచ్చిందా లేదా అని చూసి చాలామంది తేల్చేస్తారు గానీ, నియమం అడిగేది బ్యాటర్ నిజంగా కొట్టబోయాడా లేదా అనే. అనుమానముంటే స్ట్రైక్ కాదని, 'బాల్' అనేయండి.