కిక్కిరిసిన ద్రవంలో కణాల నడక

ప్రశ్న: నీటిలో తేలే సూక్ష్మకణాల సంఖ్య ఎక్కువైన కొద్దీ వాటి వ్యాపనం (వాటంతటవే అటూ ఇటూ కదులుతూ చెదిరి విస్తరించడం) మందగిస్తుందని ఒక పుస్తకంలో, కొంచెం పెరుగుతుందని ఇంకో పుస్తకంలో చదివాను. ఏది సరైనది? కణాలు ఒకదాన్నొకటి తాకకుండానే ఒకదాని కదలిక మరొకదానిని కదిలిస్తుందని కూడా అంటారు. అదెలా సాధ్యం?

జవాబు: రెండూ సరైనవే. ఆ పుస్తకాలు చెబుతున్నది రెండు వేర్వేరు వ్యాపనాల గురించి. పేరు మాత్రం ఒకటే వాడటం వల్ల ఈ చిక్కు వచ్చింది.

ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం. నీటిలో ఒక గోళం జరిగితే తన ముందున్న నీటిని నెడుతుంది, వెనుక ఖాళీ అయ్యే చోటికి నీటిని లాక్కుంటుంది. ఈ ప్రవాహం దూరంతోపాటు తగ్గుతుంది గాని చాలా నెమ్మదిగా తగ్గుతుంది: దూరం రెట్టింపైతే గురుత్వాకర్షణ నాలుగో వంతుకు పడిపోతుంది, ఈ ప్రవాహ వేగం మాత్రం సగానికే తగ్గుతుంది. అందుకే చిక్కటి ద్రవంలో పక్కపక్కన వదిలిన రెండు గోళాలు, ఒంటరిగా దిగే గోళం కంటే వేగంగా అడుగుకు చేరతాయి. ఒక మైక్రాన్ వ్యాసమున్న కణం కదలిక ప్రభావం దాని వ్యాసార్థమంత దూరం నీటిలో పాకడానికి మైక్రోసెకనులో నాలుగో వంతు సరిపోతుంది. అదే కణం గది ఉష్ణోగ్రత వద్ద తన వ్యాసమంత దూరం ఏదైనా ఒక దిశలో జరగడానికి సుమారు ఒక సెకను పడుతుంది కనుక, పొరుగు కణాలకు ఈ కబురు తక్షణమే అందుతుందని భావించవచ్చు.

ఇక అసలు విషయానికి వద్దాం. గుంపులో ఒక్క కణానికి గుర్తుపెట్టి, అది ఎంత దూరం సంచరించిందో కొలిస్తే అది స్వీయ వ్యాపనం. చుట్టూ ఉన్న కణాల మధ్య నీరు సులువుగా తప్పుకోలేదు కాబట్టి ఇది తగ్గుతుంది. గట్టి గోళాలు కొద్దిగానే ఉన్న ద్రవంలో, మొత్తం ఘనపరిమాణంలో వాటి వాటా ఒక శాతం పెరిగితే, అతి స్వల్ప కాలంలో కొలిచే స్వీయ వ్యాపన గుణకం (వ్యాపనం ఎంత చురుగ్గా ఉందో చెప్పే సంఖ్య) సుమారు 1.83 శాతం తగ్గుతుందని ద్రవగతి శాస్త్రవేత్త జార్జ్ బ్యాచిలర్ 1976లో లెక్కగట్టారు.

కణాలు ఎక్కువగా ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి గుంపుగా సర్దుకునే వేగాన్ని కొలిస్తే అది సమష్టి వ్యాపనం. ఇక్కడ రెండు ప్రభావాలు ఎదురెదురుగా పనిచేస్తాయి. ఒకే చోట రెండు గోళాలు ఇమడలేవు కనుక ద్రవాభిసరణ పీడనం వాటిని బయటికి నెడుతుంది. వాటా ఒక శాతం పెరిగితే ఈ నెట్టుడు దాదాపు 8 శాతం బలపడుతుంది. కాని మూసిన పాత్రలో కణాలన్నీ ఒకవైపు సాగితే అంత ఘనపరిమాణపు ద్రవం వెనక్కి రావాలి, ఆ ఎదురు ప్రవాహం వాటి చలనాన్ని 6.55 శాతం అడ్డుకుంటుంది. ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే 1.45 శాతం పెరుగుదలే మిగులుతుంది. రెండు పెద్ద సంఖ్యల మధ్య మిగిలిన చిన్న తేడా ఇది. కణాలపై విద్యుదావేశం ఉన్నా, అవి పరస్పరం ఆకర్షించుకున్నా ఫలితం తారుమారు కావచ్చు.

ఈ లెక్కలన్నీ కొద్ది శాతాల వరకే పనికొస్తాయి. వాటా పెరిగిన కొద్దీ ప్రతి కణం చుట్టూ పొరుగు కణాలు పంజరంలా అల్లుకుంటాయి, మధ్యనున్న పలుచటి ద్రవపు పొరను పిండితే తప్ప అవి దగ్గరకు రాలేవు. ఒకే పరిమాణపు గట్టి గోళాలు సుమారు 49.4 శాతం వద్ద స్ఫటికంగా మారడం మొదలుపెడతాయి. స్ఫటికం కాకుండా ఆపగలిగితే 58 శాతం దరిదాపుల్లో పంజరంలో ఊగుతూనే ఉంటాయి గాని దూరప్రయాణం దాదాపు ఆగిపోతుంది.

కాబట్టి ఏ పుస్తకంలోనైనా వ్యాపన గుణకం కనబడితే, దాన్ని ఎలా కొలిచారో చూడండి. సూక్ష్మదర్శినిలో ఒక కణాన్ని వెంబడించి కొలిచినది స్వీయ వ్యాపనం. గాఢతలో వచ్చిన తేడా ఎంత సేపట్లో చెదిరిపోయిందో చూసి కొలిచినది సమష్టి వ్యాపనం.