ఎలక్ట్రిక్ కారు కొంటే సరిపోతుందా?

ప్రశ్న: పెద్ద నగరాల్లో అందరూ ఎలక్ట్రిక్ కార్లకు మారితే సమస్య తీరినట్టే కదా?

జవాబు: పొగ పోతుంది, మంచిదే. కానీ రోడ్డు మీద చోటు అంతే పడుతుంది, టైర్లు అరిగి లేచే ధూళీ పోదు. ఒక్క మనిషి కూర్చున్న కారు వెనక నలభై మందితో బస్సు ఆగిపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 2006లో నగరం మధ్యకు వచ్చే కార్లకు ప్రయోగంగా ఛార్జీ పెడితే ట్రాఫిక్ దాదాపు 20 శాతం తగ్గింది, ఆపగానే మళ్లీ పెరిగింది, తర్వాత నగర ఓటర్లు సరేనన్నాక 2007లో శాశ్వతం చేశారు. అయితే వాళ్లు అంతకుముందే, 2005లోనే, బస్సులు పెంచారు. బస్సే లేకపోతే కారు ఎవరు మానేస్తారు చెప్పండి? మీ దారిలో బస్సో మెట్రోనో ఉంటే మాత్రం, కారు ఉన్నా సరే, ఆఫీసుకు తీయకండి.