రాకపోకల కార్బన్ లెక్కకు గేటు దగ్గర బండ్లు లెక్కపెడితే చాలా?

కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం స్టాఫ్, విద్యార్థుల రాకపోకల కార్బన్ లెక్క తేల్చమన్నారని, వారం పాటు గేటు దగ్గర బండ్లు లెక్కపెడితే సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోదండీ. రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో నేను పనిచేసే యూనివర్సిటీలో ఈ పని నా నెత్తిన పడింది. మేమూ మొదట అదే చేశాం.

క్యాంపస్‌లోకి వాహనాలను నియంత్రిస్తున్నారా అని న్యాక్‌లో ఒక అంశం ఉంటుంది. దానికోసం మావాళ్లు అప్పటికే విద్యార్థుల బండ్లను లోపలికి రానివ్వడం మానేశారు. అవన్నీ ఎదురుగా టీకొట్టు పక్కన ఖాళీ స్థలంలో చేరాయి, రోజుకు పది రూపాయల పార్కింగ్‌తో. రిజిస్టర్‌లో బండ్లు బాగా తగ్గాయి, కాలే పెట్రోలు మాత్రం చుక్క తగ్గలేదు.

మీకు కావాల్సింది ఎవరు, దేని మీద, ఎన్ని కిలోమీటర్లు, వారానికి ఎన్ని రోజులు వస్తున్నారన్నది. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్‌కి 2.7. ఆపైన అంతా ఎక్కాలే. నా సంగతే చూడండి. హబ్సిగూడ నుంచి పోను 24, రాను 24 కిలోమీటర్లు. ఆ ట్రాఫిక్‌లో నా కారు లీటరుకు 12 ఇస్తే గొప్ప. రోజుకు 4 లీటర్లు, అంటే 9 కిలోల పైమాటే. 220 పనిదినాలూ కారే తీస్తే 2 టన్నులు, ఒక్కణ్ణే కూర్చుని వెళ్లినందుకు! బస్సు లీటరు డీజిల్‌కి 5 కిలోమీటర్లే నడిచినా, 40 మంది ఎక్కితే మనిషికి కిలోమీటరుకు 14 గ్రాములు దాటదు. నా కారుది 190. హాస్టల్ పిల్లలైతే నడిచే వస్తారు. ఇన్నాళ్లూ ఆంక్షలన్నీ పిల్లల బండ్ల మీదే, మా కార్లకేమో షెడ్డు. లెక్క తేలిన రోజు నాకే సిగ్గేసింది.

ఎలక్ట్రిక్ స్కూటర్‌కి సున్నా వేయకండి. వంద కిలోమీటర్లకు 3 యూనిట్లు అనుకుంటే, మన కరెంటుకు యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల చొప్పున 2 కిలోలు పడుతుంది. పెట్రోలు స్కూటర్‌తో పోలిస్తే సగం కూడా కాదు, అది వేరే మాట. ఇవన్నీ స్కోప్ 3 కింద, అంటే కాలేజీ సొంతం కాని బండ్ల వంటి వాటి పద్దులో రాయాలి. బస్సులు మీ కాలేజీ సొంతవైతే వాటి డీజిల్ స్కోప్ 1లోకి, అంటే కాలేజీ తానే కాల్చే ఇంధనం పద్దులోకి పోతుంది, రెండుచోట్లా వేసుకోకండి.

మేము గూగుల్ ఫారం పంపాం. ఊడ్చేవాళ్లు, మెస్‌వాళ్లు, సెక్యూరిటీవాళ్లు ఒక్కరూ నింపలేదు. చివరికి కాగితం పట్టుకుని నేనే వెళ్లాను. "ఎంత దూరమమ్మా?" అంటే "రెండు ఆటోలు మారాలి సార్" అంది ఒకావిడ. కాబట్టి ఎక్కడ ఎక్కుతారో, ఎక్కడ మారతారో అడగండి, దూరం మీరే మ్యాప్‌లో చూసుకోండి.

అంతకుముందు దేని మీద వచ్చేవారో కూడా అడగాలి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచితమయ్యాక మా దగ్గర స్కూటీ మానేసి బస్సెక్కినవాళ్లున్నారు, మెట్రో మానేసి ఎక్కినవాళ్లూ ఉన్నారు. లెక్కలో రెండూ ఒకటి కావు. నామటుకు నేను, 2019 నవంబరులో మెట్రో రాయదుర్గం దాకా వచ్చాక కారు తగ్గించాను. అక్కడ దిగాక షేర్ ఆటో కోసం నిలబడటమే తలనొప్పి. వాన పడితే ఇప్పటికీ కారే తీస్తాను, దాచేదేముంది.

సాయంత్రం ఎన్నింటికి బయటపడతారన్న ప్రశ్న మాత్రం మర్చిపోకండి. మా బస్సు 4:45కి కదిలేది, ల్యాబ్ అయ్యేది 5కి. ఆ పావుగంట కోసం బండి కొన్నామని ఒక్క సెక్షన్‌లోనే ఆరుగురు రాశారు. బస్సును 5:15కి మార్చడానికి రూపాయి ఖర్చు కాలేదు. డ్రైవర్లను, ఆఫీసును ఒప్పించడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.