యూనివర్సిటీ వాళ్లు ఊరికొస్తే రైతుకు ఒరిగేదేంటి?

"వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు ఊళ్లోకొచ్చి ఫొటోలు దిగి వెళ్లడమే తప్ప రైతుకు ఉపయోగం ఉందా?" అని ఈమధ్య ఒకరు నన్ను అడిగారు. మాది వరి పండించే కుటుంబం. మీటింగుల వల్ల మాకు ఒరిగింది తక్కువే. పొలంలో దిగి చేసిన పనుల వల్ల మాత్రం లాభపడ్డాం.

మాకు మొదట పరిచయమైంది రావెప్ పిల్లలు. అగ్రికల్చర్ బీఎస్సీ చివరి ఏడాదిలో ఊళ్లో ఉండి రైతులతో కలిసి పనిచేయడం వాళ్ల చదువులో భాగం. "వీళ్లకు మనమే నేర్పాలి" అని నాన్న నవ్వేవారు. దమ్ము (మడిలో నీళ్లు పెట్టి బురదగా దున్నడం), నాట్లు మా దగ్గరే నేర్చుకున్నారు, నిజమే. కానీ మట్టి పరీక్ష దగ్గరుండి చేయించింది వాళ్లే. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు పోసిన చోట వదిలేసి, పొలమంతా తిరిగి ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున మట్టి తీశారు. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి పారేస్తూ చివరికి అరకిలో ఉంచారు.

భాస్వరం ఎక్కువ, జింకు తక్కువ అని వచ్చింది. ఏళ్ల తరబడి భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు గుమ్మరిస్తే అంతేగా మరి! మేం దమ్ములో ఒకసారి, నాటాక పైపాటుగా ఇంకోసారి వేసేవాళ్లం. భాస్వరం మట్టిలో పెద్దగా కదలదట, అందుకే వేయాల్సిందంతా ఆఖరి దమ్ములోనే వేయాలన్నారు. పైపాటు మానేసి, జింకు సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు వేయమన్నారు, అదీ భాస్వరం ఎరువుతో కలపకుండా రెండు మూడు రోజులు ఆగి. నాన్న ఒక్క మడికే ఒప్పుకున్నారు. కోతలప్పుడు చూస్తే ఆ మడి దిగుబడి పక్కవాటికి తీసిపోలేదు. డీఏపీ మీద మిగిలిన డబ్బు చూశాక మిగతా మడుల సంగతి ఆయనే మాట్లాడారు.

కృషి విజ్ఞాన కేంద్రాలు (కేవీకేలు) చేసేదీ దాదాపు ఇదే. దేశంలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో, తమిళనాడు వ్యవసాయ యూనివర్సిటీ కింద మొదలైంది. (అన్నీ యూనివర్సిటీలవే కావు, కొన్నిటిని స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి.) రైతు పొలంలోనే కొత్త పద్ధతిని, పాత పద్ధతిని పక్కపక్కనే పెట్టి చూపిస్తారు. ఎవరి ఉపన్యాసమూ అక్కర్లేదు, గట్టు మీద నిలబడితే చాలు.

నాకు అన్నిటికంటే నచ్చేది చిరుసంచులు. కొత్త వరి రకాన్ని విడుదల చేయకముందే కొద్దికొద్దిగా విత్తనమిచ్చి మా పొలాల్లో వేయిస్తారు. ఇక్కడ రైతు మాటకు విలువ ఉంటుంది. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి అన్నానికి తిరుగులేదు, కానీ అగ్గితెగులుకు ఇట్టే లొంగిపోతుంది. సన్నగింజ ఏదొచ్చినా మా ఊళ్లో దాంతోనే పోలుస్తారు. చిరుసంచి వేసిన రైతును యూనివర్సిటీ వాళ్లు పైరు పడిపోయిందా, గింజ రాలిందా, మిల్లులో నూక ఎంత పోయింది, అన్నం ఎలా ఉంది, అన్నీ అడిగి రాసుకుంటారు.

లోపాలూ ఉన్నాయి. ప్రదర్శన పొలాలు ఎక్కువగా రోడ్డు పక్కన ఉన్నవాళ్లకు, తెలిసినవాళ్లకు దక్కడం చూశాను. కౌలు రైతును అడిగేవాళ్లు తక్కువ. మట్టి ఫలితం నాట్లయ్యాక చేతికొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పరిచయమైన శాస్త్రవేత్తకు బదిలీ అయితే కథ మళ్లీ మొదటికే.

అందుకే వాళ్లు వచ్చేదాకా చూడకండి. మట్టిని వేసవిలోనే ఇచ్చేయండి. తెగులు అనుమానముంటే ఫొటోతో సరిపెట్టకుండా మొక్కను వేరుతో సహా పీకి, దగ్గర్లోని కేవీకేకో, యూనివర్సిటీ వాళ్ల ఏరువాక కేంద్రానికో పట్టుకెళ్లండి. సీజన్‌కు ముందే వెళ్లి "ఈసారి ప్రదర్శన మా పొలంలో పెట్టండి" అని నోరు తెరిచి అడగండి. కౌలుకు చేస్తున్నా సరే, అడగండి.