శాంత్రో కంపెనీ కారు బెంజికి సాటి రాగలదా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇన్నాళ్లూ టయోటా క్యామ్రీ నడిపి, ఇప్పుడు పెద్ద సెడాన్ తీసుకోవాలనుకుంటున్నాడు. బీఎండబ్ల్యూ 5 సిరీస్ గానీ బెంజి ఈ క్లాస్ గానీ కొంటాడనుకుంటే, జెనెసిస్ జీ80 అనే కారు చూసి వచ్చానని చెప్పాడు. ఆరా తీస్తే అది హ్యుందాయ్ వారిదేనట. మాకు హ్యుందాయ్ అంటే మా బావగారి శాంత్రోయే గుర్తుకొస్తుంది. చవక కార్లతో పేరు తెచ్చుకున్న కంపెనీ పెద్ద కారు చేస్తే అది జర్మన్ కార్లకు నిజంగా సాటి వస్తుందా? అంత డబ్బు పోసి తర్వాత బాధపడాల్సి వస్తుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నడుపుకునే బండిగా చూస్తే సాటి వస్తుంది, తిరిగి అమ్ముకునే సొత్తుగా చూస్తే ఇంకా పూర్తిగా రాలేదు. ఈ రెండింటిలో మీ అబ్బాయికి ఏది ముఖ్యమో అతను ఆ కారును ఎన్నేళ్లు ఉంచుకుంటాడన్నదాన్ని బట్టి తేలుతుంది.

మీకు కలిగిన సందేహమే అమెరికన్లకూ కలిగింది. హ్యుందాయ్ 1986లో ఎక్సెల్ అనే చిన్న కారుతో ఆ దేశంలో అడుగుపెట్టి, దానికి 4,995 డాలర్ల ధర పెట్టింది. కొత్త కారు అంత తక్కువకు దొరకడంతో మొదటి ఏడాదే లక్షన్నరకు పైగా అమ్ముడుపోయాయి. అయితే కొన్నవారు కొన్నాళ్లకే మరమ్మతులతో విసిగిపోయారు, కంపెనీ పేరు టీవీ హాస్య కార్యక్రమాల్లో నవ్వులపాలైంది. ఆ చెడ్డపేరు కడుక్కోవడానికి 1990ల చివర ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించింది. తరచూ చెడిపోయే బండికి అంత హామీ ఇస్తే మునిగేది కంపెనీయే కాబట్టి, మాట ఇచ్చాక బండిని గట్టిగా చేయక తప్పలేదు. జెనెసిస్ కథకు అసలు మొదలు ఆ వారంటీ కాగితమేనని నా అభిప్రాయం.

2008 జనవరిలో కొరియాలోనూ, అదే ఏడాది వేసవిలో అమెరికాలోనూ హ్యుందాయ్ జెనెసిస్ అనే పెద్ద సెడాన్ విడుదలైంది. ఉన్న సొనాటానే కాస్త సాగదీసి, తోలు సీట్లు బిగించి, ఇదే మా పెద్ద కారు అంటే ఎవరూ నమ్మరని కంపెనీకి తెలుసు. చవక కార్లలో ఇంజిన్‌ను అడ్డంగా అమర్చి ముందు చక్రాలనే తిప్పుతారు. అందువల్ల ఖర్చు తగ్గుతుంది, లోపల చోటు మిగులుతుంది. కానీ పెద్ద ఇంజిన్ బలమంతా ముందు చక్రాలకే పంపితే, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది, బరువంతా కారు ముందు భాగం మీదే పడుతుంది. బెంజి, బీఎండబ్ల్యూ కంపెనీలు తమ పెద్ద సెడాన్లలో ఇంజిన్‌ను కారు పొడవు వెంబడి పెట్టి వెనక చక్రాలను తిప్పేది అందుకే. హ్యుందాయ్ కూడా ఈ పద్ధతిలోనే జెనెసిస్ కోసం కొత్త ప్లాట్‌ఫాం, అంటే కారుకు పునాది లాంటి అడుగు నిర్మాణం, తయారుచేసుకుంది. 3.8 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్ 290 హార్స్‌పవర్ ఇస్తే, సొంతంగా రూపొందించుకున్న 4.6 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ 375 హార్స్‌పవర్ ఇచ్చేది. వీ8 కారుకు గేర్‌బాక్స్ సరఫరా చేసింది బీఎండబ్ల్యూకు కూడా గేర్‌బాక్సులు ఇచ్చే జర్మనీ కంపెనీ జడ్ఎఫ్. ఇంతా చేసి ధర 33 వేల డాలర్ల దగ్గర మొదలైంది, వీ8 రకం 38 వేలు. అప్పటికి 5 సిరీస్ కావాలంటే దాదాపు 45 వేలు పెట్టాల్సి వచ్చేది.

2009 జనవరిలో ఆ కారుకు ఉత్తర అమెరికా ‘కార్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం వచ్చింది. ఆ వీ8 ఇంజిన్ వార్డ్స్ పత్రిక ఏటా ఎంచే పది ఉత్తమ ఇంజిన్ల జాబితాకు వరసగా మూడేళ్లు ఎక్కింది. అలాగని లోపాలు లేవని కాదు. గతుకుల రోడ్డు మీద ఆ మొదటి జెనెసిస్ నడక కుదురుగా ఉండదని, మలుపుల్లో జర్మన్ కార్లంత నమ్మకం ఇవ్వదని పరీక్షించినవారు రాశారు. ఇంజిన్ కొలతలకూ డ్యాష్‌బోర్డు తోలుకూ డబ్బు పెడితే సరిపోతుంది. కుదుపులను మింగే సస్పెన్షన్ అలా లొంగదు. స్ప్రింగు ఎంత మెత్తగా ఉండాలో, డ్యాంపర్ ఎంత గట్టిగా పట్టాలో రోడ్ల మీద వేల మైళ్లు తిప్పి సరిచూసుకునే చేతులు కావాలి. హ్యుందాయ్ ఆ చేతులను అరువు తెచ్చుకుంది. 2014లో అమెరికాకు వచ్చిన రెండో తరం జెనెసిస్‌ను సరిదిద్దడంలో బ్రిటన్‌కు చెందిన లోటస్ ఇంజనీర్ల సాయం తీసుకుంది. 2015లో బీఎండబ్ల్యూలో వేగవంతమైన కార్లు చేసే ఎం విభాగం నుంచి ఆల్బర్ట్ బీర్మన్‌ను, ఆ తర్వాత కొద్దికాలానికే బెంట్లీ నుంచి డిజైనర్ లూక్ డాంకర్‌వోల్కేను తెచ్చుకుంది. కాబట్టి 2020లో విడుదలైన ఇప్పటి తరం జీ80ని జర్మన్ కార్ల పక్కన నిలబెట్టి మాట్లాడటంలో అతిశయోక్తి ఏమీ లేదు. లోపలి పనితనంలో, నిశ్శబ్దంలో అది వాటికి తీసిపోదు. వంపుల రోడ్డు మీద స్టీరింగ్ ఇచ్చే ఆనందంలో మాత్రం నేను 5 సిరీస్‌కే ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

పేరు సంగతి వేరు. సొంత దేశంలో హ్యుందాయ్‌ను ఎవరూ చవక కంపెనీగా చూడరు. అక్కడి వ్యాపార సంస్థల అధిపతులు ఎక్కువ కాలం తిరిగింది ఆ కంపెనీ పెద్ద సెడాన్ ఎక్వస్‌లోనే. అదే ఎక్వస్‌ను 2010లో 58 వేల డాలర్లకు అమెరికాలో పెట్టినప్పుడు కంపెనీ చాలా కష్టపడింది. కారు పుస్తకానికి బదులు ఐప్యాడ్ ఇచ్చింది, సర్వీసుకు కారును ఇంటి నుంచే తీసుకెళ్లి మళ్లీ ఇంటికే తెచ్చి అప్పగించింది. అయినా కొనేవాడు అడుగుపెట్టాల్సింది ఎలాంట్రాల్లాంటి చవక కార్లు అమ్మే షోరూంలోకే. 2015 నవంబరులో జెనెసిస్‌ను వేరే బ్రాండుగా విడదీశాక కూడా ఆ చిక్కు వెంటనే తీరలేదు. డీలర్లను తగ్గించాలని కంపెనీ, కుదరదని డీలర్లు పేచీకి దిగారు. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సుల తిరకాసు వల్ల కొత్త మోడల్ కార్లు అమ్మడానికే కొంతకాలం వీలు లేకపోయింది. 2017లో 20 వేలు దాటిన అమెరికా అమ్మకాలు 2018లో సగానికి, అంటే 10 వేల చిల్లరకు పడిపోయాయి. ఆ తర్వాత విడి షోరూంలు వచ్చాయి, 2023 నాటికి అమ్మకాలు 69 వేలకు చేరాయి. ఇందులో ఒక విచిత్రం ఉంది: ఈ పెరుగుదలలో ఎక్కువ వాటా జీవీ70, జీవీ80 ఎస్‌యూవీలది. పెద్ద సెడాన్‌తో సంపాదించాలనుకున్న పేరు చివరికి ఎస్‌యూవీల వల్ల వచ్చింది.

ఈ దారిలో ముందు నడిచి గెలిచింది టయోటా. 1989లో లెక్సస్ అనే కొత్త బ్రాండు పెట్టి ఎల్ఎస్ 400ను తెచ్చినప్పుడు ఆ పేరుకు, ఆ షోరూంలకు టయోటా వాసనైనా తగలకుండా జాగ్రత్తపడింది. ఆ ఏడాది డిసెంబరులోనే బ్రేక్ లైటు, క్రూయిజ్ కంట్రోల్ లోపాల వల్ల అప్పటికి అమ్మిన దాదాపు 8 వేల కార్లనూ వెనక్కి పిలవాల్సి వచ్చింది. కొత్త పేరుకు అంతకంటే గండం ఏముంటుంది? అయితే కంపెనీ మనుషులు ఇళ్లకే వెళ్లి కార్లు తీసుకెళ్లి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి అప్పగించారు. లెక్సస్ సేవ గురించి కథలు కథలుగా చెప్పుకోవడం ఆ లోపంతోనే మొదలైంది. హ్యుందాయ్ మొదట కారు తెచ్చి ఏడేళ్ల తర్వాత బ్రాండు పెట్టింది, టయోటా రెండింటినీ ఒకేసారి తెచ్చింది. ఆలస్యానికి హ్యుందాయ్ మూల్యం చెల్లించింది.

ఇక డబ్బు విషయం. అమెరికాలో ఇలాంటి కార్లను చాలామంది మూడేళ్ల లీజుకు తీసుకుంటారు. లీజు కిస్తీలో పెద్ద భాగం, మూడేళ్లలో కారు విలువలో ఎంత కరిగిపోతుందో ఆ మొత్తమే. లెక్క కోసం రెండు కార్లు ఊహించుకోండి. ఒకదాని ధర 60 వేల డాలర్లు, మూడేళ్ల తర్వాత అందులో 55 శాతం విలువ నిలుస్తుంది. రెండోదాని ధర 50 వేలే గానీ నిలిచేది 45 శాతం. మొదటిదాని మీద కరిగేది 27,000, రెండోదాని మీద 27,500. అంటే 10 వేలు తక్కువకు వచ్చిందనుకున్న కారుకు నెలనెలా దాదాపు అంతే కట్టాలి, వడ్డీలో మాత్రం కొద్ది తేడా. కంపెనీ రాయితీ ఇచ్చినప్పుడు ఈ లెక్క మారుతుంది కాబట్టి, స్టిక్కరు మీది ధర చూసి కాకుండా చేతికిచ్చిన లీజు కాగితం చూసి పోల్చుకోమనండి. జర్మన్ పెద్ద సెడాన్ల విలువ కూడా వేగంగానే పడుతుంది; ఈ జాతిలో గట్టిగా నిలిచేది లెక్సస్‌దే.

కొని ఎనిమిది, పదేళ్లు ఉంచుకునేవారికి పై లెక్కతో పనిలేదు. అమెరికాలో కొత్త జెనెసిస్‌కు కారంతటి మీద ఐదేళ్లు లేదా 60 వేల మైళ్లు, ఇంజిన్, గేర్‌బాక్స్‌ల మీద పదేళ్లు లేదా లక్ష మైళ్లు వారంటీ ఉంటుంది. బెంజి, బీఎండబ్ల్యూలది నాలుగేళ్లు లేదా 50 వేల మైళ్లు. వారంటీ దాటిన జర్మన్ కారు సర్వీసు బిల్లు చూసినవారికి ఈ తేడా విలువ విడమరచి చెప్పనక్కరలేదు. అయితే పదేళ్ల హామీ మొదటి యజమానికే పూర్తిగా వర్తిస్తుంది; మామూలుగా చేతులు మారిన కారుకు అది తగ్గిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే, కంపెనీయే తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చిన కారు అయితేనే మేలు.

మీ అబ్బాయి క్యామ్రీని ఇన్నాళ్లు నడిపాడంటే కార్లు ఊరికే మార్చే మనిషి కాదనిపిస్తోంది. ఇంటికి దగ్గరలో విడి జెనెసిస్ సర్వీసు సెంటర్ ఉంటే జీ80 తీసుకోమనే నేను చెబుతాను. తేల్చుకునే ముందు జీ80నీ, జర్మన్ కారునూ ఒకే గతుకుల రోడ్డు మీద, ఒకసారి వెనక సీట్లో కూర్చుని కూడా చూడమనండి. మీ దంపతులు అక్కడికి వెళ్లినప్పుడు కూర్చోబోయేది అక్కడే.

ప్రశ్న: ఫోక్స్‌వ్యాగన్ చేతిలో ఆడి ఉంది, బెంట్లీ ఉంది. అలాంటి కంపెనీ తన సొంత పేరుతో చేసిన పెద్ద సెడాన్ ఫేటన్ ఎందుకు దెబ్బతింది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఆడి, బెంట్లీ పక్కనే ఉండబట్టే దెబ్బతింది. 2002లో ఫేటన్‌ను తెచ్చినది అప్పటి అధిపతి ఫెర్డినాండ్ పీయెఖ్ పట్టుదల. బయట 50 డిగ్రీల ఎండలో గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రోజంతా పోతున్నా లోపల 22 డిగ్రీలు దాటకూడదని ఆయన ఇంజనీర్లకు షరతు పెట్టారంటారు. విడుదలైన కారు వేగానికి మాత్రం 250 దగ్గర కళ్లెం వేశారు. దానికోసం డ్రెస్డెన్‌లో గాజు గోడల ఫ్యాక్టరీ కట్టారు, లోపల చెక్క ఫ్లోరింగ్ వేశారు, కొనేవారు దగ్గర నిలబడి తమ కారు తయారవడం చూడవచ్చు. బండి నిజంగా గొప్పది. బెంట్లీ కాంటినెంటల్ జీటీకి దానితో చాలా సరంజామా ఉమ్మడి. కానీ ఆ డబ్బు పెట్టగలిగిన వ్యక్తి అదే గ్రూపులోని ఆడి ఏ8 కొనుక్కుంటే సరిపోతుంది కదా! ముందు గ్రిల్ మీద ఫోక్స్‌వ్యాగన్ గుర్తు పెట్టుకుని, ఆ కంపెనీ చిన్న కార్లయిన గోల్ఫ్‌ల పక్కన సర్వీసు వరసలో నిలబడటానికి అమెరికాలో ఎవరూ ముందుకు రాలేదు. కొన్నేళ్లకే అక్కడి నుంచి దాన్ని తీసేశారు. యూరప్‌లో, చైనాలో కొంత ఆదరణతో 2016 వరకూ బతికింది. హ్యుందాయ్‌కు ఇంట్లో ఇలాంటి పోటీ లేకపోవడమే అదృష్టమైంది.

ప్రశ్న: మా పెనుకొండలో కియా కార్లు తయారవుతున్నాయి. కియా గానీ మారుతి గానీ మన దేశంలో ఇలాంటి పెద్ద సెడాన్ చేసి గెలవగలవా?
– ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: ప్రస్తుతానికి గెలవలేవు. కియా ఈ ప్రయత్నం అమెరికాలో చేసే చూసింది. కే900 అనే పెద్ద సెడాన్‌ను 2014లో దాదాపు 60 వేల డాలర్ల ధరతో, కియా పేరుతోనే, మామూలు కియా షోరూంలలోనే పెట్టి, బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్‌తో ప్రచారం చేయించినా ఎవరూ పట్టించుకోలేదు, కొన్నేళ్లకు మానుకుంది.

మారుతి 2011లో కిజాషిని జపాన్ నుంచి పూర్తిగా తయారైన కారుగానే దిగుమతి చేసింది. 2.4 లీటర్ల పెట్రోలు ఇంజిన్, మంచి నడక ఉన్న కారే. అయితే సుంకంతో ధర 16 లక్షలు దాటింది, డీజిల్ రకం లేదు, ఆల్టోలు అమ్మే కౌంటర్ మీదే దాన్నీ అమ్మాలి. డ్రైవరును పెట్టుకుని వెనక కూర్చునేవాడు ఆ డబ్బుకు మరో పేరు చూసుకున్నాడు. నెక్సా అని విడి షోరూంలు పెట్టాలన్న తెలివి మారుతికి 2015లో గానీ రాలేదు. ఈనాడు అదే నెక్సాలో, 2023లో దాదాపు 25 లక్షల ధరతో వచ్చిన ఇన్విక్టో దొరుకుతోంది, కాకపోతే అది టయోటా ఇన్నోవా హైక్రాస్‌కు మరో వేషం, పైగా సెడాన్ కాదు.

టాటా వారు ఇంకో దారి పట్టారు. నానోను చూపించిన 2008లోనే ఫోర్డ్ నుంచి జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను 230 కోట్ల డాలర్లకు కొన్నారు. పేరు కట్టుకోవడానికి ఇరవై ఏళ్లు ఆగలేనివారికి కట్టి ఉన్న పేరును కొనడమే సుళువు. మన దగ్గర పెద్ద సెడాన్ అడిగేవారే తగ్గి అందరూ ఎస్‌యూవీల వైపు వెళ్తున్నారు కాబట్టి, పెనుకొండలో కియా సెల్టోస్, సొనెట్‌లనే నమ్ముకోవడం సరైన లెక్కే. కే900 లాంటి కారు అక్కడ తయారవుతుందని నేను అనుకోను.