కవిత్వమా, కెమెరానా అని ఇప్పుడే తేల్చమనకండి

ప్రశ్న: మాది ఏలూరు. ఆరేళ్లుగా కెనడాలో, న్యూబ్రన్స్‌విక్ రాష్ట్రంలోని మాంక్టన్‌లో ఉంటున్నాం. అమ్మాయి పదకొండో తరగతి, చాలా పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెప్పే ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో చదువుతోంది. బడిలో హెర్మెనెజిల్ద్ షియాసోన్ అనే అకేడియన్ కవి గురించి విన్నప్పటి నుంచి, ఆయనలాగే కవిత్వం రాస్తాను, సినిమాలు తీస్తాను అంటోంది. నాకేమో రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టుంది. ఏదో ఒకటే ఎంచుకోమనాలా, లేక కంప్యూటర్ సైన్స్ వైపు తిప్పాలా?

జవాబు: మీకు రెండు పడవలే కనిపించాయి. షియాసోన్ జీవితంలో నాకు నాలుగైదు కనిపిస్తున్నాయి. అన్నీ ఒకే రేవులో కట్టినవి.

ఆయన 1946లో న్యూబ్రన్స్‌విక్ ఈశాన్యాన సెయింట్ సిమోన్ అనే ఊళ్లో పుట్టారు. అకేడియన్లంటే 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు ఓడల్లోకి ఎక్కించి చెల్లాచెదురు చేసిన ఫ్రెంచ్ జనం. మిగిలినవాళ్లు, తిరిగొచ్చినవాళ్లు అక్కడే వేళ్లూనుకున్నారు. ఫ్రెంచ్‌లో పాఠాలు చెప్పే మాంక్టన్ విశ్వవిద్యాలయం 1963లో గానీ రాలేదు. ఆ రాష్ట్రంలో ఫ్రెంచ్ అధికార భాష అయింది 1969లో. షియాసోన్ ఆ కొత్త విశ్వవిద్యాలయంలో చదివి, పక్కనే ఉన్న మౌంట్ ఆలిసన్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ నేర్చుకున్నారు. ఆ తరువాత న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లలితకళల్లో మాస్టర్స్ (ఎం.ఎఫ్.ఎ.), పారిస్‌లో డాక్టరేట్.

మీరు అసలు అడగదలచినది జీతం గురించి కదా. అది రేడియో కెనడాలో పరిశోధకుడిగా, విలేకరిగా, దర్శకుడిగా చేసిన పని నుంచి వచ్చింది. విశ్వవిద్యాలయంలో పాఠాలూ చెప్పారు. తొలి కవితా సంపుటి 'మురీర్ ఆ స్కుదుక్' 1974లో వచ్చింది. స్కుదుక్ మీ ఊరికి దగ్గర్లోనే ఉంది, బోర్డు చూసే ఉంటారు. దాన్ని అచ్చువేసిన అకేడియన్ ప్రచురణ సంస్థకు అప్పటికి రెండేళ్లే. 1980లో కొందరు మిత్రులతో కలిసి పెర్స్ నేజ్ అనే మరో ప్రచురణ సంస్థ పెట్టారు. సినిమాల సంగతీ అంతే, అక్కడా అన్నీ కొత్తే. కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు మాంక్టన్‌లో ఫ్రెంచ్ విభాగం తెరిచింది 1974లో. ఆయన అమెరికన్ రచయిత జాక్ కెరువాక్ మీద తీసిన 'లె గ్రాన్ జాక్' 1987 నాటిది. 2003 నుంచి 2009 దాకా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా కూడా ఉన్నారు. పెళ్లి సంబంధాల్లో చెప్పుకోవడానికి ఆ పదవి బాగుంటుంది గానీ, ఆ లెక్కన ఎవరినీ కవిత్వంలోకి పంపకండి.

చిన్న భాషలో పనిచేసేవాళ్లకు ఒక్క పనితో ఇల్లు గడవదు. కవిత రాసేవాడే వ్యాఖ్యానం రాస్తాడు, ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చుంటాడు, సోమవారం వెళ్లి పాఠం చెబుతాడు. ఆయనకంటే ముందు తరంలో, 1953లో ఫిల్మ్ బోర్డులో చేరిన లెయొనార్ ఫొరెస్త్ కూడా కవీ, దర్శకుడూ. కాబట్టి మీ అమ్మాయి రెండూ అనడం నన్ను కంగారు పెట్టలేదు. కంప్యూటర్ సైన్స్ గురించి మీరు రాశారు గానీ, తనకు ఇష్టమని ఒక్క మాట రాయలేదు.

నా బెంగ వేరే ఉంది. ఇమ్మర్షన్ ఫ్రెంచ్‌లో పరీక్ష రాయడం వేరు, కవిత రాయడం వేరు. మాంక్టన్ వీధుల్లో వినిపించేది షియాక్, అంటే ఫ్రెంచ్, ఇంగ్లీషు కలగలిసిన మాట. మన ఇళ్లలో తెలుగు ఎలా ఉందో తలుచుకుంటే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. తరగతి గది దాటి ఆ మాటల మధ్య తిరిగితేనే తనకు ఆ భాష పట్టుబడుతుంది. వచ్చే వేసవిలో ఫ్రెంచ్ మాట్లాడే చోట చిన్న ఉద్యోగం చూడండి, ఐస్‌క్రీం కొట్టయినా సరే. నవంబరులో మీ ఊళ్లోనే జరిగే ఫ్రెంచ్ చలనచిత్రోత్సవంలో వాలంటీరుగా చేరమనండి. డిగ్రీకి మాంక్టన్ విశ్వవిద్యాలయాన్ని మొదటి వరుసలో పెట్టండి. అక్కడ అనువాదంలో కూడా డిగ్రీ ఉంది. రెండు అధికార భాషల దేశంలో ఆ చదువు అన్నం పెడుతుంది, పైగా రాసే చేతిని పాడుచేయదు. టొరంటోలో ఖరీదైన ఫిల్మ్ స్కూలు కోసం ఇప్పుడే అప్పు చేయకండి.

ఈ నెలలో ఒక పని చేయండి. మీ ఊరి పెటిట్‌కోడియాక్ నదిలో రోజుకు రెండుసార్లు సముద్రపు పోటు అలగా లేచి, ప్రవాహానికి ఎదురెక్కుతుంది కదా. దాన్ని ఫోనుతో మూడు నిమిషాలు తీయమనండి. కింద వినిపించే మాటలు ఫ్రెంచ్‌లో తనే రాసి, తన గొంతుతోనే చదవాలి. పోటు ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి టైము చూసుకుని కారులో మీరే దింపండి. మొదటిసారి సరిగా రాదు. అల వచ్చేసరికి చెయ్యి వణుకుతుంది, లేదా గాలి హోరులో గొంతు వినిపించదు. మర్నాడు తెల్లవారుజామున తనే లేచి మిమ్మల్ని లేపిందో, లేదో నాకు రాయండి. ఏ కోర్సుకు దరఖాస్తు పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.